అరకు కొండల్లో అతిథులుగా

విహారయాత్ర మాట ఎత్తితే మన ఇళ్లలో రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. అది డబ్బుకూ కాలానికీ దండుగ అనేవారు కొందరు. డబ్బు చెల్లించాం గనుక ఎలాగైనా గడపవచ్చు అనుకునేవారు మరికొందరు. భూమిలో సంచరించి సృష్టిని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల మానవుణ్ణి ప్రోత్సహించింది. భూమిపై గర్వంగా నడవవద్దనీ, దుబారా చేయవద్దనీ అదే గ్రంథం హెచ్చరించింది. ఈ రెండు ఆదేశాలనూ కలిపి పాటిస్తే ప్రయాణం ఎలా ఉంటుందో అరకు లోయలో గడిపిన మూడు రోజులు మాకు కొంత నేర్పాయి.

మేము నలుగురం ఒకే మదర్సాలో, ఒకే చాప మీద కూర్చుని చదువుకున్నవాళ్లం. ఇప్పుడు ఒకరు ఇమామ్, ఒకరు బట్టల వ్యాపారి, ఒకరు ఉర్దూ ఉపాధ్యాయుడు. నేను మదర్సాలో పాఠాలు చెబుతున్నాను. పిల్లల పెళ్లిళ్లు కానీ, అప్పులు తీరనీ అంటూ ఈ యాత్ర ఏళ్ల తరబడి వాయిదా పడుతూ వచ్చింది. ఐదవ మిత్రుడు కరోనా కాలంలో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాడు. నిరుడు ఉపాధ్యాయునికి గుండె శస్త్రచికిత్స జరిగింది. ఇక ఆగకూడదని అందరికీ అనిపించింది. వ్యాపారి విశాఖ సముద్రతీరంలో రిసార్టు తీసుకుందామన్నాడు. ఉపాధ్యాయుడు మాత్రం, "సముద్రం దగ్గర జనం, హోరు. నాకు నిశ్శబ్దం కావాలి భాయ్" అన్నాడు. అలా నవంబరు చివరి వారంలో కొండదారి పట్టాం.

విశాఖపట్నం నుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. రోడ్డు బాగానే ఉన్నా, మొదటిసారి వెళ్లేవారు ఉదయపు కిరండూల్ రైలు ఎక్కడమే మేలు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960వ దశకంలో ఈ మార్గాన్ని నిర్మించారు. శృంగవరపుకోట దాటాక రైలు కొండను చుట్టుకుంటూ పైకి పాకుతుంది. ఒక సొరంగంలోని చీకటి తొలగేలోగా మరొక సొరంగం వస్తుంది. నడుమ నడుమ లోయలు, వాగులు, మెట్లు మెట్లుగా దిగే పొలాలు కనిపిస్తాయి. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోనూ ఎత్తైనదిగా పేరు పొందింది. లోయలో దిగేసరికి వలిసె చేలు పసుపు దుప్పటి కప్పుకుని ఉన్నాయి. అది నూనెగింజ పంట. పూత కొద్ది వారాలే ఉంటుంది. ఆ పూత చూడటానికే వేల మంది వస్తారు.

మేమంతా దూరం నుండి వచ్చిన ముసాఫిర్లం గనుక జుహర్, అసర్, ఇషా నమాజులు రెండేసి రకాతులుగా చేసుకున్నాం. రిసార్టు కావలివాడు అడగకుండానే ఒక శుభ్రమైన పట్టా తెచ్చి పచ్చిక మీద పరిచాడు. తెల్లవారుజామున మంచులో చేసిన ఫజ్ర్ నమాజు తర్వాత వేడివేడి కాఫీ తాగుతుంటే మాటలు సహజంగానే యమన్ వైపు మళ్లాయి.

ఈ పానీయానికి మన చరిత్రతో దగ్గరి సంబంధం ఉంది. పదిహేనవ శతాబ్దంలో యమన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా ఖహ్వా సేవించేవారు. 1511లో మక్కాలో ఖాయిర్ బేగ్ అనే అధికారి దానిని నిషేధించాడు. కైరోలోని సుల్తాన్ ఆ నిషేధాన్ని సమర్థించలేదు. హజ్ నుండి తిరిగి వస్తూ బాబా బుదన్ యమన్ నుండి ఏడు గింజలు తెచ్చి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటారని సంప్రదాయ కథనం. బ్రిటిషు కాలంలో కాఫీ ఈ తూర్పు కనుమలకు చేరింది. ఇక్కడి ఆదివాసీ రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పెంచుతారు, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2017 నుండి పారిస్ నగరంలోనూ అరకు పేరుతో కాఫీ దుకాణం ఉంది. "ఉలమాలు వాదించుకున్న పానీయం ఇప్పుడు ఆదివాసీకి అన్నం పెడుతోంది" అని ఇమామ్ నవ్వాడు.

ఇక భోజనం. అరకు వెళ్లిన ప్రతి ఒక్కరూ బొంగు చికెన్ గురించి చెబుతారు. మాంసం హలాల్ అవునా కాదా అన్న ప్రశ్న మన కుటుంబాలకు అక్కడే ఎదురవుతుంది. మేము దుకాణదారుణ్ణి నేరుగా అడిగాం. అతడు ఏమాత్రం నొచ్చుకోలేదు. "కోడిని మీరే తెచ్చుకోండి బాబూ, కోత మీది, కాల్పు నాది" అన్నాడు. సంతలో నాటుకోడి కొన్నాం. ఇమామ్ బిస్మిల్లాహ్ చెప్పి జబహ్ చేశాడు. ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి, ఒక కొస కణుపుతో మూసుకుని ఉన్న పచ్చి వెదురు బొంగులో కూరి, రెండో కొసను ఆకులతో బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాల్చాడు. నూనె చుక్కైనా వేయలేదు; వెదురులోని చెమ్మకే మాంసం ఉడికింది. బొంగు ఒక్కసారికే పనికివస్తుంది గనుక పాత్ర శుద్ధి గురించి సందేహమూ లేదు. అడ్డాకు విస్తరిలో వేడివేడిగా వడ్డించిన ఆ ముక్కలను గుండె జబ్బు మనిషి నిర్భయంగా తిన్నాడు. పక్కన ఎవరో జీలుగు కల్లు అమ్ముతున్నారు. మేము రాగి అంబలితో సరిపెట్టుకున్నాం. అది కడుపుకు చల్లన.

అదే సంతలో మా మధ్య ఒక చర్చ జరిగింది. ఒక ముసలమ్మ బుట్టలో రాజ్మా గింజలు పెట్టుకుని డబ్బాతో కొలిచి అమ్ముతోంది. వ్యాపారి మిత్రుడు డబ్బాకు పది రూపాయలు తగ్గించమన్నాడు. ఇమామ్ అతణ్ణి పక్కకు పిలిచాడు.

"భాయ్, రిసార్టు గది అద్దె ఒక్క రూపాయి తగ్గించమని అడిగావా?"

"బేరం షరీఅత్‌లో నిషిద్ధం కాదు కదా మౌలానా."

"కాదు. కానీ ఆమె చీకటి పడకముందే కొండెక్కాలి. బుట్ట మోసుకుని తిరిగి వెళ్లలేదు. నీ బేరానికి బలం ఆమె అవసరమే."

వ్యాపారి ఏమీ అనలేదు. అడిగిన ధర ఇచ్చి నాలుగు డబ్బాలు కొన్నాడు. ముసలమ్మ ప్రతి డబ్బానూ రాశిగా పోసి, చివరికి ఒక పిడికెడు అదనంగా వేసింది. తూనికలు కొలతల్లో మోసం చేసిన షుఐబ్ ప్రవక్త (అలైహిస్సలాం) జాతి కథను ఏటా పిల్లలకు చెబుతుంటాను. కొలతను నిండుగా పోయడం ఎలా ఉంటుందో ఆ బుట్ట దగ్గర చూశాను. దళారుల చేతుల్లో గిరిజనులు నలిగిపోకూడదనే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ దుకాణాల్లో తేనె, కాఫీ పొడి, పసుపు కొనడం కూడా న్యాయమైన మార్గమే.

మరునాడు బొర్రా గుహలకు వెళ్లాం. సున్నపురాతి పొరల గుండా నీటిచుక్కలు జారి, యుగాల తరబడి గడ్డకట్టి, పైనుండి వేలాడే స్తంభాలుగా, నేల నుండి లేచిన స్తంభాలుగా నిలిచాయి. అల్లాహ్ సృష్టిలో తొందర కనిపించదు. ఇక్కడ పుట్టే గోస్తనీ నది తాటిపూడి జలాశయం మీదుగా విశాఖ నగరానికి నీరిస్తుంది. నగరంలోని మసీదుల్లో వుజూ చేసేవారికి ఈ కొండలతో ఉన్న బంధం అది. ఈ అనంతగిరి ప్రాంతపు గనుల లీజుల వివాదంలోనే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని పేర్కొంది. ఆదివాసీల భూమి ఇతరుల పరం కాకుండా 1970 నాటి 1/70 చట్టం కూడా ఉంది. అంటే ఇక్కడ మనం కేవలం అతిథులం. అతిథికి మూడు రోజుల ఆతిథ్యం హక్కని మన ధర్మం చెబుతుంది. ఆతిథేయుణ్ణి ఇబ్బంది పెట్టవద్దని కూడా చెబుతుంది.

కనుక వెళ్లదలచిన కుటుంబాలకు కొన్ని సూచనలు. రైలు టిక్కెట్లు ముందుగా తీసుకోండి. చలికాలంలో వృద్ధులకు, పిల్లలకు ఉన్నిదుస్తులు తప్పనిసరి. మాంసం విషయం మొహమాటం లేకుండా మర్యాదగా అడగండి. వీలుకాకపోతే అక్కడి కూరగాయలు, చిరుధాన్యాలు ఎంతో రుచికరం. అనుమతి లేకుండా స్త్రీల, పిల్లల ఫోటోలు తీయకండి. మీరు తెచ్చిన ప్లాస్టిక్‌ను మీతోనే తీసుకెళ్లండి. అన్నిటికంటే ముఖ్యం, ఇంటి ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఏడాది పొడవునా వంటగదిలో నిలబడే మనిషికి మరొకరు వండిన అన్నం కూర్చుని తినే రోజు కావాలి. స్తోమత, ఆరోగ్యం రెండూ ఉన్నప్పుడు ఆ రోజును వాయిదా వేయకండి.