ఒట్టి కాళ్ల గురించి నాలుగు మాటలు



ఈ మధ్య మన వాళ్ల స్టేటస్‌లలో ఒక మాట బాగా తిరుగుతోంది. చెప్పుల్లేకుండా నడవడమే ఆదివాసీ గుర్తింపట, బూట్లు ఎక్కించుకున్నోడు మట్టిని మరిచినోడట. ఇంకోపక్క టీవీలోళ్లు మన ముసలోళ్ల పగిలిన మడమల ఫొటో పెద్దగా వేసి "అయ్యో పాపం అడవి బిడ్డలు" అని రాస్తారు. ఒకడు మన కాళ్లను చూసి దండం పెడతాడు, ఇంకొకడు జాలి పడతాడు. ఆ కాళ్లున్న మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. నాకు ఈ రెండూ నచ్చవు. ఎందుకో చెప్తా, పోస్టు కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

ముందు నాగోబా సంగతి. మెస్రం వంశస్తులు కేస్లాపూర్ నుంచి బయల్దేరి, జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు దాకా నడిచిపోయి గోదావరి నీళ్లు తెస్తారు. రోజుల తరబడి నడక, కాళ్లకు ఏమీ ఉండదు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే మహాపూజ. ఆ వరసలో నడిచేవాళ్లలో టీచర్లుంటారు, ఉద్యోగస్తులుంటారు, మనలాగా చదువుకునే పోరగాళ్లుంటారు. ఇంటి దగ్గర చెప్పులు లేక కాదు వాళ్లు ఒట్టి కాళ్లతో నడిచేది. పెన్ ముందరికి అట్లనే పోవాలి కాబట్టి పోతారు. పూజ అయినంక మళ్లీ చెప్పులు తొడుక్కుంటారు, బండెక్కుతారు, డ్యూటీకి పోతారు. అందులో మట్టిని మరవడం ఏముంది?

ఇంకో సంగతి. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రా ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ అల్లూరి సీతారామరాజు జిల్లా డుంబ్రిగుడ మండలం పెదపాడుకు పోయాడు. అక్కడ ఆడవాళ్లు, ముసలోళ్లు చెప్పుల్లేకుండా నడుస్తుంటే చూసి, తర్వాత ఊళ్లో సుమారు 350 మందికి చెప్పులు పంపించాడు. దాని మీద మన వాళ్లలోనే రెండు పార్టీలు అయినయి. "ఇది అవమానం" అని కొందరు, "ఇన్నేళ్లలో ఒక్కడన్నా మన కాళ్ల దిక్కు చూసిండు కదా" అని కొందరు. నా మటుకు నాకు చెప్పులు ఇవ్వడంలో తప్పేం కనిపించలే. అవసరం ఉన్నోళ్లకు అందినయి, మంచిదే. కానీ రాళ్ల బాటలో ఒక హవాయి జత ఎన్ని నెలలు వస్తదో మనకు తెలుసు. బొటనవేలు దగ్గర గుబ్బ ఊడుతది, పిన్నీసు పెట్టి ఇంకో నెల లాగుతం, తర్వాత మళ్లీ ఒట్టి కాళ్లే. అందుకే మన అంగళ్లల్లో ఇప్పటికీ టైరు చెప్పులు కొనేవాళ్లున్నారు. బరువుంటయి, మొదట్ల కరుస్తయి, కానీ తుమ్మ ముల్లు దిగదు. పంచే చెప్పులు ఆ బాటను చూసి ఎంచితే బాగుండు అనేదే నా మాట.

గర్వపడేవాళ్లు మొత్తం తప్పు అని కూడా నేను అనను. 2021 నవంబర్‌లో కర్ణాటక హాలక్కి ఆదివాసీ తల్లి తులసి గౌడ రాష్ట్రపతి భవన్‌లో ఎర్ర తివాచీ మీద చెప్పుల్లేకుండా నడిచిపోయి పద్మశ్రీ తీసుకుంది. తన చీర, తన పూసలు, తన కాళ్లు. ఎవరి కోసమూ ఏదీ మార్చుకోలే. ఆ ఫొటో చూసినప్పుడు నాకూ ఛాతీ ఉబ్బింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టులో ఎక్కువ మంది బూట్లు లేకుండానే ఆడిండ్రు. కెప్టెన్ తలిమెరెన్ ఆవో, నాగా గిరిజనుడు, చదివింది డాక్టరు చదువు. ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడినా, రెండు పెనాల్టీలు పోకుంటే కథ వేరేగా ఉండేది. ఇథియోపియా అబేబే బికిలా సంగతి మనలో పరుగు పందేలకు పోయేవాళ్లందరికీ తెలిసిందే. 1960లో రోమ్ మారథాన్ ఒట్టి కాళ్లతో గెలిచిండు. ఆ కథ చెప్పేటోళ్లు సగంలో ఆపేస్తరు. 1964లో టోక్యోలో అదే మనిషి బూట్లు వేసుకొని మళ్లీ గెలిచిండు, అదీ ముందటికంటే తక్కువ టైములో. బలం కాళ్లది, ఊపిరిది.

ఇక బండి దగ్గరికొద్దాం. మన దిక్కు ట్రాక్టరు నేర్చుకున్నోళ్లు చాలామంది ఒట్టి కాళ్లతోనే నేర్చుకుంటరు. నాకు మా కాక నేర్పిండు. సీటు ఎక్కకముందే "చెప్పులు కింద ఇడువు" అన్నడు. బండికి మర్యాద అనుకున్న. అదీ కొంత నిజమే, దసరాకు బొట్టు పెట్టి పూజ చేసే బండి కదా. కానీ కాక చెప్పిన అసలు కారణం వేరే: హవాయి చెప్పు బ్రేకు కింద ఇరుక్కుంటే ఎద్దులు ఆగినట్టు ట్రాక్టరు ఆగదు. చెప్పు పక్కకు జారి పెడల్ కింద పడితే పెడల్ పూర్తిగా దిగదు. ఒట్టి కాలుకు క్లచ్ ఎక్కడ పట్టుకుంటదో, ఎక్కడ వదులుతదో నేరుగా తెలుస్తది. ఆటోలు, లారీలు నడిపే అన్నలు చాలామంది చెప్పులు పక్కన పెట్టుకునేది కూడా ఇందుకే.

అయితే ఇదే మాట మోటార్ సైకిల్‌కు చెల్లదు. ట్రాక్టర్ మీద కాలు లోపల ఉంటది, బండి మీద కాలు బయట ఉంటది. గేర్ రాడ్ పాదం పైన ఒరుసుకుంటది, సైలెన్సర్ పిక్కను కాలుస్తది, వానలో తడిసిన అరికాలు ఫుట్‌రెస్ట్ మీద నిలవదు. చిన్నగా జారిపడ్డా ముందు రోడ్డుకు ఒరుసుకునేది మడమ, చీలమండే. అన్నిటికంటే ఘోరం వెనుక కూర్చునే చిన్నపిల్లల సంగతి. కాళ్లు అందవు, వేలాడుతుంటయి, మడమ పోయి చువ్వల్లో ఇరుక్కుంటది. వెనుక చక్రాన్ని సగమన్నా కప్పే గార్డు ఉండాలని 1989 మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. మన గూడేల్లో ఎన్ని బండ్లకు ఆ గార్డు మిగిలి ఉందో ఒకసారి లెక్క పెట్టి చూడండి. స్టయిల్ కోసం పీకేసినోళ్లే ఎక్కువ.

"చెప్పులు వేసుకొని బండి నడిపితే ఫైన్ పడతదా అన్నా?" అని చాలామంది తమ్ముళ్లు అడుగుతుంటరు. మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ ఉంది, లైసెన్స్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. కాలికి ఏం వేసుకోవాలో లేదు. 2019లో చట్టం మారి ఫైన్లు పెరిగినప్పుడు ఈ పుకారు బాగా తిరిగింది. అప్పుడు కేంద్ర మంత్రి గడ్కరీ ఆఫీసే చెప్పులతో నడిపినందుకు, లుంగీ బనియన్‌తో నడిపినందుకు చలానా లేదని ట్వీట్ చేసింది. కాబట్టి ఎవరన్నా ఆపి "చెప్పుల ఫైన్" అంటే ఏ సెక్షనో మర్యాదగా అడగండి. ఫైన్ లేదు కాబట్టి భయం లేదని మాత్రం అనుకోవద్దు, చువ్వలకు సెక్షన్లు తెలియవు.

ఇప్పుడు పట్నం సంగతి. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ కోసం బాపును తీసుకొని హైదరాబాద్ పోయిన. తండ్రి సంతకం కావాలన్నరు. ఎక్కడ అనేది ఇక్కడ అనవసరం. పెద్ద అద్దాల తలుపు, లోపల నేల తళతళ మెరుస్తుంది. నేను ముందు పోయి లైను ఎక్కడుందో చూస్తున్న. బాపు మెట్ల దగ్గరే చెప్పులు విడిచిండు. అంత శుభ్రంగా ఉన్న చోటికి చెప్పులతో పోవడం ఆయనకు తెలియదు, మన ఇండ్లల్లో కూడా అంతే కదా. సెక్యూరిటీ అన్న ఆపిండు. "చెప్పుల్లేకుండా లోపలికి పంపం పెద్దాయనా, పక్కకు నిలబడు." బాపు మళ్లీ చెప్పుల కోసం పోతే అవి లేవు. ఎవరు ఎత్తుకపోయిండ్రో, ఊడ్చేటోళ్లు చెత్తలో వేసిండ్రో.

నేను వచ్చి రూల్ ఎక్కడ రాసి ఉందో చూపించమన్న. ఎక్కడా లేదు. "సార్లు కెమెరాల చూస్తరు తమ్మీ, నా నౌకరి పోతది" అన్నడు ఆయన. ఆయన మీద ఎంతసేపు కోపం పట్టుకుంట? ఆయన కాళ్లకున్న నల్లబూట్లు కూడా కంపెనీవే, రెండు సైజులు పెద్దగున్నయి. చివరికి నేనే లోపలికి పోయి, కాగితం బయటికి తెచ్చి, వేప చెట్టు కింద గద్దె మీద బాపుతో సంతకం పెట్టించిన. తర్వాత రోడ్డు మీద 150 పెట్టి చెప్పులు కొన్న. ఊరు చేరేదాకా బాపు అన్నది ఒక్కటే మాట: "గుడిల విడవమంటరు, ఆఫీసుల తొడగమంటరు. ముందే చెప్తే అయిపోవు గద."

ఆ రాత్రి బస్సులో ఫోన్‌లో చట్టాలు వెతుక్కుంటూ కూర్చున్న. దొరికింది చదివి ఆశ్చర్యపోయిన. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989ది. 2015లో సవరించిండ్రు, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(జెడ్ఏ) చూడండి. ఎస్సీ, ఎస్టీ మనిషిని బహిరంగ ప్రదేశంలో సైకిల్, మోటార్ సైకిల్ ఎక్కనివ్వకుండా, చెప్పులు వేసుకోనివ్వకుండా, కొత్త బట్టలు కట్టుకోనివ్వకుండా, పెండ్లి ఊరేగింపు తీయనివ్వకుండా అడ్డుకుంటే నేరం. ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు. బండి, చెప్పు ఒకే వాక్యంలో ఉన్నయి. ఊరికే రాయలే. దొరల గడీల ముందు చెప్పులు చేతిలో పట్టుకొని నడిచిన తాతలు తెలంగాణ ఊళ్లల్లో ఉన్నరు. దేశంలో ఇప్పటికీ బండెక్కిన దళిత పెండ్లికొడుకును దింపే ఊళ్లున్నయి. చెప్పు తొడుక్కోవడం అనేది కొట్లాడి తెచ్చుకున్న హక్కు. "ఒట్టి కాళ్లే మన సంస్కృతి" అని స్టేటస్ పెట్టే ముందు ఈ సెక్షన్ ఒక్కసారి చదవమని నా మనవి. నా బాపుకు జరిగింది ఈ సెక్షన్ కిందికి రాదు, అక్కడ కథ తిరగబడింది. ఒకప్పుడు తొడుక్కుంటే ఆపిండ్రు, ఇప్పుడు విడిస్తే ఆపుతున్నరు. రెండు చోట్లా తలుపు దగ్గర నిలబడేది మన మనిషే.

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలె, మనలో నర్సింగ్ చదివే చెల్లెళ్లు నాకంటే బాగా చెప్తరు. కొంకి పురుగు మట్టిలోనుంచి అరికాలు చర్మంలో దూరి పేగుల్లోకి చేరి రక్తం తాగుతది. మన ఆడవాళ్లకు రక్తం తక్కువ అని రిపోర్టులు వచ్చినప్పుడు ఐరన్ గోలీలు ఇస్తరు, చెప్పులు, మరుగుదొడ్డి సంగతి ఎవరూ అడగరు. పాము కాట్లు ఎక్కువగా పడేది పాదం మీద, పిక్క మీదనే. సికిల్ సెల్ ఉన్నోళ్లకు చీలమండ దగ్గర పుండు పడితే నెలలకూ మానదు, వాళ్లు చిన్న గీతను కూడా తేలిగ్గా తీసుకోవద్దు.

మన దిక్కు పత్తి చేన్లది వేరే గోస. పత్తికట్టె కోసిన మోడు కత్తి లెక్క ఉంటది. అంతకంటే మందు కొట్టుడు. 2017లో పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయిండ్రు, వందల మంది దవాఖానల పాలైండ్రు. విషం ముక్కు నుంచే పోతదని మనోళ్లు మూతికి తువ్వాల చుట్టుకుంటరు. చర్మం నుంచి కూడా పోతది. మందు కారిన ఆకుల మధ్య ఒట్టి కాళ్లతో, మోకాళ్ల దాకా తడుసుకుంటూ పొద్దంతా నడుస్తరు. నాగోబాకు నడిచే కాలు, మందు కొట్టే కాలు రెండూ ఒట్టివే, కానీ ఒకటి కాదు.

ఈసారి మా గూడెంలో నలుగురం పోరగాళ్లం డబ్బులు వేసుకొని నాలుగు జతల గమ్ బూట్లు తెచ్చినం. మందు కొట్టే వంతును బట్టి ఇండ్లు మార్చుకుంటున్నరు, పని అయినంక కడిగి బోర్లించి ఇయ్యాలె. మొదటి రోజు ముసలోళ్లు నవ్విండ్రు, మూడో రోజుకు వాళ్లే అడుగుతున్నరు. చిక్కొకటి వచ్చింది. యాభై ఏండ్లు ఒట్టి కాళ్లతో నడిచిన కాలి వేళ్లు విసనకర్ర లెక్క విచ్చుకొని ఉంటయి. 8 నంబరు, 9 నంబరు ఏదీ బాపుకు ఎక్కలే. పొడవు సరిపోతుంది, వెడల్పు పట్టదు. నిర్మల్‌లో, ఆదిలాబాద్‌లో 10 నంబరు వెడల్పు బూట్లు దొరికే షాపు ఎవరికన్నా తెలిస్తే కింద రాయండి. పైమందు కొట్టేది వచ్చే వారమే.