జీతం దాచిపెట్టిన ఖర్చులు

సిడ్నీ శివారు రౌస్ హిల్ చుట్టుపక్కల పొలం కనబడటం ఏటేటా తగ్గిపోతోంది. బాక్స్ హిల్, స్కోఫీల్డ్స్, రివర్‌స్టోన్ వైపు కూరగాయల మడులు ఒక్కొక్కటే ఇళ్ల స్థలాలయ్యాయి. సిడ్నీ తినే తిండిలో 20 శాతం చుట్టూ ఉన్న పొలాల నుంచే వస్తోందనీ, తీరు మారకపోతే 2031 నాటికి అది 6 శాతానికి పడిపోతుందనీ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ సిడ్నీ పరిశోధకులు 2016లోనే లెక్కగట్టారు. ఏళ్ల తరబడి పెద్ద వంటగదుల్లో షెఫ్‌గా చేసిన నన్ను ఆ లెక్క నిద్రపోనివ్వలేదు. పక్కనున్న హాక్స్‌బరీ ప్రాంతపు రైతు పంటను దగ్గరి వంటగదులకు చేర్చే సలహాదారుగా మారదామనుకున్నాను. ఇంటి అప్పుంది, ఇద్దరు పిల్లలున్నారు. ముందు లెక్క తేలాలి.

ఏడాదికి 85,000 డాలర్ల ఉద్యోగమైతే యజమాని ఆపైన 12 శాతం, అంటే 10,200, సూపర్ (రిటైర్మెంట్ పొదుపు) ఖాతాలో వేస్తాడు. నాలుగు వారాల సెలవు, పది రోజుల సిక్ లీవు, పండగ సెలవులు అన్నీ జీతంతోనే. సొంతంగా చేసుకునేవాడికి ఇవేవీ రావు. శనాదివారాలతో పాటు ఆ రోజులన్నీ తీసేస్తే పనిదినాలు 219 దాకా మిగులుతాయి. పొలాలు తిరగడం, కొటేషన్లు రాయడం, బాకీలు వసూలు చేసుకోవడం పోగా బిల్లు వేయగలిగేవి అందులో సగమే. ఇన్సూరెన్సు, అకౌంటెంటు, కారు ఖర్చుకు 8,800 కలిపాను. మొత్తం 1,04,000. 110 రోజులకు పంచితే రోజుకు 945 డాలర్లు. వినడానికి పెద్ద రేటే, కానీ పాత జీతం కంటే ఒక్క డాలరు కూడా ఎక్కువ రాదు.

అలాగని వెంటనే ఉద్యోగం మానలేదు. 2022 మే నుంచి 2023 నవంబరు లోపు రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటు 0.10 నుంచి 4.35 శాతానికి ఎక్కింది. మా వాయిదా కూడా దాంతోపాటే పెరిగింది. అందుకని ముందు ఏడాది వాయిదాలకు సరిపడా డబ్బు ఆఫ్‌సెట్ ఖాతాలో పోగేశాం. అక్కడున్నంత కాలం ఆ మేరకు అప్పుపై వడ్డీ పడదు, అవసరమొస్తే ఎప్పుడైనా తీసుకోవచ్చు. తర్వాత వారానికి మూడు రోజుల పనికి మారాను. పెనాల్టీ రేటు, అంటే ఎక్కువ జీతం, వచ్చే ఆదివారం షిఫ్టు మాత్రం వదల్లేదు. “ఆదివారాలు పోతే పోనీ, నువ్వు మొదలుపెట్టు” అంది మా ఆవిడ. ఆ మాటే నాకు కొండంత ధైర్యం.

945 డాలర్లు చిన్న కెఫేలు ఇచ్చుకోలేవు. ఇవ్వగలిగేవి వృద్ధులుండే ఏజ్డ్ కేర్ హోములు. వాటికి 2025 నవంబరు 1న అమల్లోకొచ్చిన కొత్త ప్రమాణాల్లో ఆరోది పూర్తిగా ఆహారం, పోషణ గురించే. వాళ్లకు నేను మొదట చూపించేది కాలీఫ్లవర్. మార్కెట్ సరుకు కిలో మూడున్నర డాలర్లు, దగ్గరి రైతుది నాలుగు అనుకోండి. ఆకులు, కాడ, నల్లబడ్డ ముక్కలు తీసేసి తూచితే మార్కెట్‌దాంట్లో 600 గ్రాములు, పొద్దున కోసినదాంట్లో 800 గ్రాములు మిగిలితే, వండే కిలో ఖర్చు మార్కెట్‌దానికి 5.83 డాలర్లు, రైతుదానికి 5 డాలర్లు. మేనేజర్ కళ్లముందు తూచాక వేరే వాదన అక్కర్లేదు. ప్రతిసారీ రైతే నెగ్గడు. ఉల్లిగడ్డలో బయటి సరుకే చవకైతే అదీ చెప్పేస్తాను. 2021, 2022 వరదల్లో హాక్స్‌బరీ పొలాలు మునిగాయి గనక, ఒకే రైతును నమ్ముకుని మెనూ కట్టొద్దని కూడా రాసిస్తాను.

ఏడాది రాబడి 75,000 చేరితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. బిల్లు మీద వేసే ఆ 10 శాతాన్నీ, మిగిలినదాంట్లో 30 శాతాన్నీ డబ్బు పడిన రోజే పన్ను ఖాతాకు పంపేస్తాను. సూపర్ నేనే వేసుకుంటున్నాను. ఫండుకు నోటీసిచ్చి, అందినట్టు వాళ్ల దగ్గర కాగితం తీసుకున్నాకే పన్ను మినహాయింపు అడగాలి.

ఒక్క ఆదాయం మాత్రం మొదటే వద్దనుకున్నాను. అది రైతుల అమ్మకంపై కమీషన్. ఇస్తామని వాళ్లే అన్నారు. తీసుకుంటే నా తూకాన్ని ఎవరు నమ్ముతారు? 1999లో మన దగ్గర రైతుబజార్లు పెట్టిందే దళారీ లేకుండా చేయడానికి. అక్కడ కూరగాయలు అమ్మిన డబ్బుతోనే మా నాన్న నా హోటల్ మేనేజ్‌మెంట్ ఫీజు కట్టాడు. అందుకే బిల్లు వంటగదికే వేస్తాను. కమీషన్ లేని లోటు పూడ్చుకోవడానికి వచ్చే జూలై నుంచి హోముల రేటు రోజుకు వెయ్యి చేస్తున్నాను.