మా అమ్మ ప్రార్థన

మా అమ్మ ప్రార్థనకు పొగాకు వాసన ఉండేది. మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మా ఆడోళ్ళంతా ఆసామి బ్యారన్ దగ్గరే ఉండేవాళ్ళు. కర్రలకు పచ్చాకు కట్టే పని. ఆకు జిగురు చేతులకు నల్లగా పట్టుకుని బూడిదేసి రుద్దినా వదలదు. ఆ చేత్తో కలిపిన అన్నం ముద్ద చేదుగా ఉండేది. రాత్రిపూట ఆ చేతులే జోడించి, బుడ్డిదీపం ముందు చాపేసుకుని అమ్మ ప్రార్థనకు కూచునేది.

గుళ్ళో అయ్యగారి ప్రార్థనలో పెద్దపెద్ద మాటలుంటాయి. అమ్మకవి రావు. ఆమె బడి గడప తొక్కలేదు. ప్రార్థనంటే ఆమెకు ఆ రోజు లెక్క ఒప్పజెప్పడం. "తండ్రా, ఇయ్యాల ఇరవై కర్రలు ఎగ్గొట్టి రాసుకున్నాడు. నువ్వు చూసినావు గదా" అనేది. తర్వాత పక్కింటి పెద్దమ్మ దగ్గు, చూలు మేక, మా నాయన తాగుడు, నాకు రాని ఎక్కాలు, అన్నీ వచ్చేవి. ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడికని పిడికెడు బియ్యం ముంతలో వేసేది. ఇంట్లో గింజ లేనినాడు ఆ ముంతలోంచే అప్పు తీసుకునేది. ఆ అప్పు సంగతీ ప్రార్థనలో చెప్పుకునేది. ఆఖర్న ఆసామి పేరెత్తి "ఆయనక్కూడా మంచి బుద్ధియ్యి" అనేది. అదొక్కటే నాకు మింగుడుపడేది కాదు.

ఆ ఆసామి ముందు అమ్మ ఎన్నడూ కూచోలేదు. కూలి అడగాలన్నా తలొంచుకుని దూరంగా నిలబడాల్సిందే. దేవుడి ముందు మాత్రం బాసింపట్టేసుకుని కూచుని గొంతెత్తి అడిగేది. రోజంతా ఒంగే ఉండే మనిషి, ఆ కూచోవడం కోసమే సగం ప్రార్థన చేసేదేమో!

మా జిల్లాలో ప్రార్థనకు పెద్ద చరిత్రే ఉంది. 1854 జనవరి 1న జ్యూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. దాన్నిప్పటికీ ప్రార్థన కొండంటారు. మా మాదిగల్లో తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి బోధించాడు. పెద్ద కరువు తర్వాత, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. గంజి కోసం మునిగారని ఊళ్ళోవాళ్ళంటారు. అన్నం పెట్టిన దేవుడి దగ్గరికి ఆకలైనవాడు పోతే తప్పేందో వాళ్ళే చెప్పాలి.

డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో అంబేద్కర్‌ని చదివి ఇంటికొచ్చి అమ్మతో తగువేసుకున్నాను. "1985లో కారంచేడులో నరికేసినోళ్ళలో మోషేలున్నారు, అబ్రహామున్నాడు. వాళ్ళిళ్ళల్లో ప్రార్థన లేదా?" అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "ప్రార్థన చేస్తే గొడ్డలి ఆగుద్దని నీకెవరు చెప్పార్రా? ఏడ్చేదానికి ఒక చోటుండాల గదా" అంది. నాకు జవాబు దొరకలేదు.

తాతముత్తాతలు గుండ్లకమ్మలో మునిగారు గానీ నేను మునగలేదు. నా బాప్తిస్మం ఆపింది అమ్మే. "ముందు ఉద్యోగం రానీ" అంది. 1950 ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవుడైన మాదిగకు లేదు. అతను మా రాష్ట్రంలో బీసీ-సి, రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారితే కులం పోతుందని కాగితం అంటుంది. మా పల్లెలో గుడి కట్టి ఎన్నేళ్ళయినా ఊళ్ళో టీకొట్టువాడికి ఆ సంగతి తెలియలేదు. మాకు గ్లాసు వేరే పెట్టాడు.

ఉద్యోగమొచ్చింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ, మొదటి జీతం నావే. బాప్తిస్మం మాట మళ్ళీ అమ్మా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అన్నం ముందు కళ్ళు మూసుకునే అలవాటు స్టాఫ్‌రూంలో మానుకున్నాను. ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలి?

మొన్న చలికాలం అమ్మ గోంగూర పచ్చడి తీసుకుని మా బడికొచ్చింది. అది మధ్యాహ్నం భోజనాల వేళ. "రాండమ్మా, కూచోండి" అని తోటి టీచర్లు కుర్చీ వేశారు. మంచివాళ్ళే. అమ్మ కూచుంది. ప్లేటు ముందుకొచ్చింది. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, ఇంట్లో ఎత్తినట్టే గొంతెత్తింది. "తండ్రా, నా బిడ్డని ఈ కుర్చీలో..."

నేను బల్ల కింద నుంచి ఆమె మోకాలు నొక్కాను.

"అమ్మా, ఇక్కడొద్దు."

కళ్ళు తెరిచి నావంక చూసింది. తర్వాత తలొంచుకుంది. ఆ తలొంచుకోవడం నేను చిన్నప్పుడు బ్యారన్ దగ్గర చూసిందే. నాలుగు మెతుకులు తిని లేచింది. "పచ్చడి బాగుందమ్మా" అని ఎవరో అన్నారు. అమ్మ నవ్వింది.

ఆ రాత్రి మా ఇంట్లో చాపేసుకుని కూచుంది. అందరి పేర్లూ వచ్చినయ్. ఎప్పుడో చచ్చిపోయిన ఆసామి పిల్లల పేర్లు కూడా వచ్చినయ్. మా బడిలో కుర్చీ వేసిన టీచరమ్మను చల్లగా చూడమంది. నా దగ్గరికొచ్చేసరికి ఆగింది.

"వీడి సంగతి నీకు తెలుసు తండ్రా" అని, ఆమెన్ చెప్పి, లేచి నా కంచం కూడా తీసుకుని కడగబోయింది. ప్రార్థన జరిగినంతసేపూ నేను కళ్ళు తెరుచుకునే ఉన్నాను.