తెంపుకునే పద్ధతి

సెప్టెంబర్ 17, 2024

సరూర్‌నగర్ చెరువు కట్ట మీద రాత్రంతా క్రేన్లు. దాదాపు నాలుగు వందల ఏళ్ల నాటి చెరువు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం ఆ నీళ్లలో కరగదు, అడుగున పేరుకుంటుంది. మా మట్టి గణపయ్యను అత్తమ్మ బకెట్లోనే నిమజ్జనం చేసింది. కరిగాక ఆ నీళ్లు, పత్రితో సహా, కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది.

అక్టోబర్ 2, పెత్రమాస

కొత్తపేట రోడ్డు పొడవునా గునుగు కట్టలు, తంగేడు, బంతి. బేరమాడబోతే పూలమ్మే అవ్వ అంది: "చేన్లల్ల గునుగేడున్నది బిడ్డా? గడ్డిమందు కొడ్తున్రు. గట్ల పొంటి దొరికిందే తెచ్చిన." కలుపని పీకేసే మొక్కను దేవతగా పేర్చి, నెత్తిన పెట్టుకుని, చుట్టూ ఆడే బతుకమ్మ పండుగ మనది. 2014లో దాన్ని రాష్ట్ర పండుగ చేసుకున్నాం. ఆ పువ్వు మొలిచే గట్టును మాత్రం బతకనివ్వడం లేదు. ఈ మాట నన్ను రోజంతా వదల్లేదు. అవ్వ అడిగినంతా ఇచ్చాను.

అక్టోబర్ 4

చీకటి పడ్డాక పాప మందారం తెంపబోయింది. "పొద్దుగూకినంక చెట్టు మీద చెయ్యెయ్యొద్దు, పండుకుంటది" అంది అత్తమ్మ. పాప చెయ్యి వెనక్కి తీసుకుంది.

అక్టోబర్ 10, సద్దుల బతుకమ్మ

తాంబాళంలో గుమ్మడాకులు పరిచి మొదటి వరుస తంగేడు. ఆ పైన కొసలకు రంగు అద్దిన గునుగు, మళ్లీ బంతి. కత్తిరించిన కాడలేవీ చెత్తబుట్టలోకి పోవు. వాటినే నడుమ కూరితే బతుకమ్మ నిటారుగా నిలుస్తుంది. శిఖరాన గుమ్మడిపువ్వు, పక్కన పసుపు గౌరమ్మ. సాగనంపేముందు అత్తమ్మ దారాలు, మెరుపు కాగితం విప్పి కొంగున ముడేసుకుంది. "పూలే పోవాలె నీళ్లల్లకు." పక్కనున్నామె చూసి తనూ తీసేసింది. సత్తుపిండి పంచుకున్నాం.

అక్టోబర్ 12, దసరా

గుడి దగ్గర జమ్మిని కొమ్మలకు కొమ్మలే విరిచేశారు. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని మొక్కుతూనే! వేళ్లు లోతుకు దింపి కరువులోనూ పచ్చగా ఉండే చెట్టు, మన రాష్ట్ర వృక్షం. పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడానికి నాలుగాకులు చాలు.

గుడి మెట్ల దగ్గర ఒకతను పాలపిట్టను పంజరంలో పెట్టి, దర్శనానికి డబ్బులడుగుతున్నాడు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. అటవీశాఖకు ఫోన్ చేశాను. సాయంత్రం వనస్థలిపురం వెళ్లి హరిణ వనస్థలి కంచె వెంట నడిచాం. నిజాం వేటాడిన ఆ నేల 1994 నుంచి కృష్ణజింకల జాతీయ పార్కు. కరెంటు తీగ మీద పాలపిట్ట! ఎగిరినప్పుడే ఆ రెక్కల నీలమంతా కనబడుతుంది. పంజరంలో ఆ రెక్క విప్పే చోటెక్కడ?

అక్టోబర్ 20

కాలనీ సంఘం మీటింగు. పార్కులో కోనోకార్పస్ తీసేసిన చోట జమ్మి నాటుదామన్నాను. మెల్లగా పెరుగుతుంది, నీళ్లెవరు పోస్తారన్నారు. నిలదొక్కుకునేదాకా మా ఇంటి నుంచి పోస్తామని చెప్పి పేరు రాయించాను. ఎల్బీనగర్ నర్సరీలో మొక్క ఉందట, రేపు వెళ్లాలి.