చేతులు మారినా తరగనిది

హైదరాబాదు నుండి విజయవాడకు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు చిట్యాల. అక్కడ పాత కార్ల బేరాలు కుదిర్చే మధ్యవర్తి ఒకాయన నాకు చిరపరిచితుడు. ఆయన కుమారుడు ఇంటర్మీడియట్‌లో నా శిష్యుడు. బండి ఏ సంవత్సరానిది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని చేతులు మారింది, ఆర్‌సీ, బీమా సక్రమంగా ఉన్నాయా అనే వివరాలన్నీ తండ్రి ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఇంజనీరింగు చదివిన కుమారుడు ఆ పుస్తకాన్నే నమూనాగా తీసుకొని, ఎనిమిది నెలలు శ్రమించి, కార్ల అమ్మకానికి ఒక వెబ్‌సైటు నిర్మించాడు. కొనదలచినవారు తమ స్తోమతకు తగిన బండ్లను అందులో వేరుచేసి చూసుకోవచ్చు. యాజమాన్యం బదిలీకి నింపవలసిన 29, 30 నంబర్ల ఫారాలను గురించి కూడా వివరించాడు.

ఆ తరువాత అతడు చేసిన పని తండ్రికి మింగుడుపడలేదు. వెబ్‌సైటును నడిపించే కోడ్ మొత్తాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకొనే విధంగా ఇంటర్నెట్‌లో ఉంచాడు.

"సారూ, మీరన్న చెప్పుండ్రి వీనికి. ఎనిమిది నెలల కష్టం ఊరోళ్లకు పంచిపెట్టిండు" అని ఆయన నా వద్ద వాపోయాడు.

"కారు అమ్మితే మన ఇంట్ల ఉండదు సార్. కోడ్ ఇచ్చినా మన దగ్గరే ఉంటది గదా" అన్నాడు కుమారుడు.

నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. పరిశోధన చేసే రోజులలో తాళపత్ర ప్రతులను పోల్చి, ఒక ప్రబంధానికి పాఠభేదాల పట్టిక తయారుచేశాను. నా తరువాత చేరిన పరిశోధకురాలు ఆ పట్టికను అడిగితే, నా శ్రమ ఆమె పాలవుతుందన్న భయంతో ఇవ్వలేదు. ఆమె అదే పనిని మొదటి నుండి చేయడానికి రెండేళ్లు వెచ్చించింది. ఆ పట్టిక నాకు డాక్టరేటు తెచ్చింది, మరెవరికీ ఉపయోగపడలేదు.

నేను పాఠం చెప్పే సాహిత్యమైతే ఇందుకు భిన్నమైనది. నన్నయ అరణ్యపర్వంలో విడిచిన శేషాన్ని ఎర్రన పూరించి, రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు. పోతన భాగవతంలో ఐదవ స్కంధాన్ని గంగన, ఆరవ స్కంధాన్ని ఏర్చూరి సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలను వెలిగందల నారయ రచించారు. స్కంధాంత గద్యలో ఎవరి పేరు వారికి దక్కింది. నా శిష్యుడు తన కోడ్‌కు ఎంచుకొన్న ఎంఐటీ లైసెన్సులోనూ ఇటువంటి నియమమే ఉంది: ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కాని మూలకర్త పేరుతో ఉన్న హక్కుల ప్రకటనను, ఆ అనుమతి పత్రాన్ని తొలగించరాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించి ప్రారంభించిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఇటువంటి పంపకానికి ప్రపంచమంతటా బలమిచ్చింది.

రెండు నెలలకు మహారాష్ట్ర నుండి ఒక అపరిచితుడు ఉత్తరం పంపాడు. ఏపీ 24, టీఎస్ 05, టీజీ 05 వంటి నంబర్లను స్వీకరించే ఆ వెబ్‌సైటు, 2021లో వచ్చిన బీహెచ్ శ్రేణి నంబర్లను తిరస్కరిస్తున్నది. ఆ శ్రేణిలో రాష్ట్రాక్షరాలకు బదులు సంవత్సరపు అంకెలు ముందుంటాయి. దానిని ఆయనే సరిచేసి పంపాడు. అంతకన్న పెద్ద పొరపాటును కూడా చూపాడు. కార్ల యజమానుల ఫోన్ నంబర్లను భద్రపరచిన డేటాబేస్ పాస్‌వర్డు కోడ్‌లోనే ఉండిపోయింది! చెరిపివేసినా పాత ప్రతులలో అది మిగిలే ఉంటుంది కనుక, శిష్యుడు ఆ రాత్రే పాస్‌వర్డును మార్చాడు.

తండ్రి ఆశ్చర్యపోయాడు. "పైస గూడ తీసుకోకుండ దిద్ది పంపిండా?" అన్నాడు. కొంతసేపు ఆలోచించి, "నీ కోడ్ నువ్వు ఎవరికన్న ఇయ్యి బిడ్డా. మనల నమ్మి ఇచ్చినోళ్ల నంబర్లు మాత్రం పానం పోయినా బయటికి పోవద్దు" అన్నాడు. ఏది పంచదగినదో, ఏది దాచదగినదో అంత స్పష్టంగా నేను కూడా చెప్పలేకపోయేవాణ్ణి.

ఆ వేసవిలో నా పాఠభేదాల పట్టికను శిష్యుని సహాయంతో కంప్యూటరులోకి ఎక్కించి, అందరికీ అందుబాటులో ఉంచాను. నెల తిరగకుండానే ఒక యువ పరిశోధకుని నుండి ఉత్తరం వచ్చింది. నా పట్టికలో ఒకచోట రెండు ప్రతుల పాఠాలు తారుమారైనవట! పెట్టెలో ఉన్నంతకాలం ఆ తప్పు నాతోనే భద్రంగా ఉంది. దానిని దిద్ది, పక్కన ఆ యువకుని పేరు రాశాను.