అరిగిన మెఱుగు

మా యింట రెండు తంత్రీవాద్యములున్నవి. ఒకటి మా యమ్మగారి వీణ. ఆమె పుట్టినింటివారు నూజివీడులో చేయించి యిచ్చినది. రెండవది మా అమ్మాయి యెలక్ట్రిక్ గిటారు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, విదేశమునుండి తిరిగివచ్చిన సహోద్యోగియొద్ద పాతదానిగా కొన్నది. వీణ అద్దమువలె మెఱయుచుండును. గిటారు మీది పూత ఎండిన చెఱువువలె పగుళ్లు వాఱి, కుడి ముంజేయి యానెడు చోట బొత్తిగా అరిగిపోయి, లోని కఱ్ఱ బయటపడినది. సత్తుపల్లిలోని మా యింటికి వచ్చిన బంధువులు వీణను మెచ్చుకొందురు, గిటారును జూచి, "ఇంత జీతం తెచ్చుకొనే పిల్ల ఈ పాత చెక్కను ఎందుకు కొన్నట్టు?" అని జాలిపడుదురు. కొంతకాలము క్రిందటివఱకు నేనును వారితో తల యూపినవాడనే. నాచేత జరిగిన యొక పొరపాటును, దానిని నేను తెలిసికొన్న విధమును చదువరులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గత దసరాకు మా అమ్మాయి గిటారుతో గూడ ఇంటికి వచ్చినది. ఆ వారముననే పెండ్లిచూపులకు ఒక కుటుంబమువారు రానుండిరి. నేను నా లోకజ్ఞానమును జూపదలచి, "అమ్మాయీ, ఇక్కడ కార్లకు రంగు కొట్టేవాళ్ళున్నారు. నాలుగు రోజుల్లో నీ గిటారును కొత్తదానిలా చేయిస్తాను. వచ్చినవాళ్ళ ముందు బాగుంటుంది" అంటిని. ఆమె కోపగింపలేదు. గిటారును ఒడిలోనికి తీసికొని, "కారు రంగన్నారు గనుక చెబుతున్నాను నాన్నా, దీని మీద ఉన్నదీ ఒకప్పటి కారు రంగే. లాకరు అంటారు. ఆ మాట పుట్టింది మన లక్కలోంచే" అన్నది.

లక్క యనగానే నాకు మా ప్రాంతపు అడవి జ్ఞప్తికి వచ్చినది. సత్తుపల్లి దాటి అశ్వారావుపేట మీదుగా భద్రాచలము దిక్కునకు బోవువారు ఫాల్గుణమాసమున మోదుగుచెట్లు నిప్పువలె పూచియుండుట చూచియుందురు. మోదుగు, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై బ్రదుకగల ఒక చిన్న పురుగు చెట్టు రసమును పీల్చి, తన చుట్టును బంకవంటి పదార్థమును స్రవించి దానిలో దాగియుండును. అదియే లక్క. దానిని కొమ్మలనుండి గీకి, దంచి, కడిగినచో ఎఱుపు నీటిలో దిగును. మన పూర్వపు స్త్రీలు పాదములకు పూసికొనిన లత్తుక యదియే. మిగిలినదానిని కరగించి వడగట్టి పలుచని రేకులుగా చేయుదురు. ఆ రేకులను స్పిరిటులో నానవేసి, గుడ్డయుండతో పూసినచో కఱ్ఱకు మెఱుగు వచ్చును. వడ్రంగులు దీనిని లక్క పాలిషందురు. ఏటికొప్పాక బొమ్మలవారికి స్పిరిటుతోడను పనిలేదు. గిరగిర తిరుగు అంకుడుకఱ్ఱకు రంగులక్కను అదిమిపట్టుదురు. ఒరపిడి వేడికి లక్క కరగి అంటుకొనును. పిమ్మట మొగలియాకుతో రుద్దుదురు. ఈ లాక్ష యను మన ప్రాచీన పదమే పారసీకుల నోటను, పోర్చుగీసువారి నోటను పడి మాఱి, తుదకు పాశ్చాత్యుల లాకరైనది.

అయితే గిటారుపూతలో లక్క లేదు. పేరు మాత్రమే మిగిలినది. దూదిని గంధకామ్లము, నత్రికామ్లము కలిపిన ద్రవమున నానవేసినచో నైట్రోసెల్యులోజను పదార్థమగును. దానిని తగిన ద్రావకములో కరగించి చల్లినచో, ద్రావకము గాలిలో కలిసిపోయి పలుచని గట్టి పొర నిలుచును. 1923లో అమెరికాయందలి డ్యూపాంట్ సంస్థ దీనిని డ్యూకో యను పేర కార్లకొఱకు విడుదల చేసినది. అంతకు ముందు వారములతరబడి ఆఱవలసిన కారు రంగు గంటలలో ఆఱజొచ్చినది. గిటారులు చేయువారును దీనినే చేపట్టిరి. గిబ్సన్ వారు 1952లో తెచ్చిన లెస్ పాల్ గిటారునకును, ఫెండర్ వారు 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టరునకును ఈ పూతయే వేసిరి. దీనికి నిప్పన్న మిక్కిలి భయము. తుపాకిమందుకు దగ్గఱి చుట్టము. దుర్యోధనుడు పాండవులకు ఇల్లు కట్టింప లక్కనే యేల కోరెనో తెలిసిన మన జాతికి ఈ సంగతి వింతగా తోపదు.

ఈ పూత కాలముతో పసుపువన్నె తిరుగును. చలికిని వేడికిని కఱ్ఱ ముడుచుకొని వ్యాకోచించుచుండగా, తాను దానితో సాగలేక సన్నని గీతలుగా పగులును. చేతి చెమటకు, ఒరపిడికి అరుగును. ఈ దోషములను జూచియే ఫెండర్ వారు 1968 ప్రాంతమున పాలిస్టరు పూతకు మఱలిరి. పిదప పాలియూరిథేనును పెక్కు కర్మాగారములలో ప్రవేశించినది. ఇవి గట్టివి, చౌకయైనవి, ఏండ్లు గడచినను మెఱయుచునే యుండును. కాని యొక భేదము కలదు. లక్కపైన గాని పాతకాలపు లాకరుపైన గాని మరల అదే పూత వేసినచో, పాతది కొంచెము కరగి కొత్తదానితో ఏకమగును. పాలియూరిథేను ఒకసారి గట్టిపడెనా, మఱి కరగదు. కొత్తది దాని మీద వేఱుగనే నిలుచును. దానిని తీయవలెనన్న గీకి పాఱవేయుటయే.

ఇంతవఱకు శాస్త్రము. ఇక మూఢవిశ్వాసము. పాత లాకరు క్రింద కఱ్ఱ "ఊపిరి పీల్చును" అనియు, అందువలన నాదము మధురమగుననియు నమ్మి, లక్షలు పోసి పాత గిటారులను కొనువారు కలరట. నఱకిన కఱ్ఱ ఊపిరి పీల్చుట యేమి? ఎలక్ట్రిక్ గిటారులో తీగె కదలికను దాని క్రిందనున్న అయస్కాంతము, రాగితీగెచుట్ట కలిసి విద్యుత్తుగా మార్చును. పూతకు అందులో గల పాలు మిక్కిలి స్వల్పము. అంతకన్న వింత మఱియొకటి: 1995లో ఫెండర్ వారు, కొత్త గిటారును కర్మాగారములోనే కావలెనని గీకి, అరగదీసి, ఎక్కువ వెలకు అమ్మ మొదలిడిరి. ఆ యేడే మరణించిన ఐర్లండు వాద్యకారుడు రోరీ గ్యాలహర్ తన 1961 నాటి స్ట్రాటోకాస్టరును 1963లో కొని జీవితాంతము వాయించెను. దాని పూత చాలవఱకు ఊడిపోయి కఱ్ఱ మిగిలినది. అతడు ముప్పదియేండ్లు శ్రమించి సంపాదించిన అరుగుదల, నేడు అంగడిలో రూకలకు దొరకుచున్నది! నేనీ మాట యని నవ్వగా, మా అమ్మాయి, "నాన్నా, చేయించుకొన్న అరుగుదలా అబద్ధమే, చేయించుకొన్న కొత్తదనమూ అబద్ధమే. ఇందులో సగం గీతలు పాతాయనవి, సగం నావి. వాటి మీద రంగు కొట్టిస్తే ఇన్నేళ్ళు నేను వాయించలేదన్నట్టే గదా?" అన్నది.

అంతవఱకు మూల కూర్చుండి వత్తులు చేసికొనుచున్న మా యమ్మగారు తలయెత్తి, "దాని జోలికి పోకు నాయనా. ఒకదాన్ని చెరిపింది చాలు" అనెను.

నాకు మొదట అర్థము కాలేదు. పిదప అయినది. పండ్రెండేండ్ల క్రిందట, అమ్మకు సంతోషము కలిగింతునని తలచి, ఆమె వీణను ఒక పాలిషు దుకాణమున కిచ్చి, పాత లక్క పాలిషును అంతయు గీకించి, పాలియూరిథేను పూత వేయించితిని. దుకాణమువారి దోష మించుకయు లేదు. నేను చెప్పినట్లే చేసిరి. వీణ కుండపై, కుడి ముంజేయి యానెడు అంచున, అఱచేతి మేర మెఱుగు పోయి నున్నగా నుండెడిది. నాకది మఱకగా తోచినది. తన యెనిమిదవ యేటినుండి పదునాఱవ యేటివఱకు మా యమ్మ ప్రతిదినము తెల్లవాఱుజామున సాధన చేసిన గుర్తు ప్రపంచములో నదియొక్కటియే. 1966లో పెండ్లియై మా యింటికి వచ్చినది. వాయింపవలదని ఎవరును అనలేదు; వాయించుమనియు ననలేదు. పాడి, వంట, పురుళ్లు, వచ్చిపోవు బంధువులు. వీణ గవిసెనలో చేరి, ఏడాదికొకసారి సరస్వతీపూజనాడు బొట్టు పెట్టించుకొని మరల గవిసెనలోనికి పోయెడిది. దుకాణమునుండి తెచ్చిననాడు ఆమె యా యంచును వ్రేళ్లతో తడవి చూచి, "బాగుంది నాయనా" అనెను. నేను దానిని మెప్పనుకొంటిని.

చదువరులారా, మనము స్త్రీవిద్యను గూర్చి ఎన్నియో సభలలో మాటలాడితిమి. నిషేధించిన యిండ్లను నిందించితిమి. కాని నిషేధింపకయే విద్యను గవిసెనలో పెట్టించు యిండ్లు ఎన్ని యున్నవో లెక్కించితిమా? అట్టి యిండ్లలో వాద్యము చెక్కుచెదరదు. మనము దాని మెఱుపును జూచి, ఎంత భద్రముగా కాపాడితిమని మురిసికొందుము. వాడని విద్యకే యంతటి మెఱుపు.

పెండ్లిచూపులవారు వచ్చిరి. గిటారును నేను దాచలేదు, రంగును వేయింపలేదు. కూడములో గోడకు ఆనించితిని. వారిలో నొక పెద్దావిడ దానిని జూచి, "ఇప్పటికీ వాయిస్తావా అమ్మా?" అని యడిగినది. "రోజూనండీ" అని మా అమ్మాయి చెప్పినది. మా యమ్మగారు ఆ మాటకు నవ్విన నవ్వు నేను మున్నెన్నడును చూచి యెఱుగను.

మఱునాడు వీణకు కొత్త తీగెలు తెప్పించితిని. డెబ్బదియాఱేండ్ల వ్రేళ్లు, ఎడమచేతి వ్రేళ్లు మెట్లపై వెనుకటివలె సాగవు. అయినను ఇపుడు సాయంకాలమున పావుగంట కూర్చుండుచున్నది. నేను వేయించిన పూత మిక్కిలి గట్టిదనియు, ఎన్నేండ్లు వాయించినను నాటి గుర్తు తిరిగి రాదనియు మా అమ్మాయి చెప్పగా, నేను తల వంచుకొంటిని. మా యమ్మగారు శ్రుతి సరిచేసికొనుచు, "అరగకపోతే మానె. వాయించడానికి అదేమైనా అడ్డమా?" అనెను.