రైలుకు తప్పు లేదు

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌లో యమునా బ్యాంక్ దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఒక పాయ నోయిడాకి, ఇంకొకటి వైశాలికి. రైలు ఎటు వెళ్తుందో హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెబుతారు. నోయిడాలో కాపురం పెట్టిన ఇన్నేళ్లలో ఆ ప్రకటన కొన్ని వేలసార్లు నా చెవిన పడి ఉంటుంది. దాన్ని వినడం మాత్రం ఢిల్లీలో నేర్చుకోలేదు. స్విట్జర్లాండ్‌లో స్వైల్యూచినెన్ అనే చిన్న ఊళ్లో నేర్చుకున్నాను. ఆ చదువుకు ఫీజుగా మా ఆవిడను గంటసేపు పోగొట్టుకున్నాను.

కథ సిమ్లాతో మొదలవుతుంది. పెళ్లయిన కొత్తలో, 2016 జనవరిలో, ఇద్దరం అక్కడికి ప్రయాణమయ్యాం. మేం ఎక్కాల్సిన కాల్కా రాత్రి రైలు పాత ఢిల్లీ స్టేషన్ మీదుగా వెళ్తుంది. నేను ఆమెను తిన్నగా న్యూఢిల్లీ స్టేషన్‌కి తీసుకెళ్లాను. తెనాలి నుంచి వచ్చి నెల కూడా కాని మనిషికి ఈ తేడా తెలియకపోవచ్చు. అప్పటికే నాలుగేళ్లుగా ఢిల్లీలో విలేఖరిగా తిరుగుతున్న నాకు తెలిసి ఉండాలి. ఆటోవాడి కాళ్లావేళ్లా పడి పాత ఢిల్లీ చేరేసరికి రైలు వెళ్లాల్సిన టైము దాటి నలభై నిమిషాలయింది. అయితే ఆ రాత్రి ఉత్తర భారతమంతా పొగమంచు. రైలు ఇంకా రానేలేదు, మరో రెండు గంటలకు గానీ రాదన్నారు. ప్లాట్‌ఫారం మీద సూట్‌కేసులు వేసుకుని కూర్చుని, డబ్బాలో పులిహోర తింటూ మంచునీ, చలినీ, రైలునీ, ఢిల్లీ ట్రాఫిక్‌నీ కలిసి తిట్టుకున్నాం. నా తప్పు ఆ తిట్లలో ఎక్కడో కొట్టుకుపోయింది.

కాల్కా నుంచి సిమ్లాకి వెళ్లే చిన్న రైలు గురించి చాలామందికి తెలుసు. 1903 నవంబరు 9న మొదలైన మార్గం అది. 96 కిలోమీటర్ల దూరంలో 656 మీటర్ల ఎత్తు నుంచి రెండు వేల పైచిలుకు మీటర్లకు ఎక్కుతుంది. వందకు పైగా సొరంగాలు, ఎనిమిది వందలకు పైగా వంతెనలు. సొరంగాల్లో పొడవైనది బరోగ్, 1,143 మీటర్లు. దాని గురించి అక్కడ ఒక కథ చెబుతారు. బరోగ్ అనే ఇంజనీరు కొండను రెండు వైపుల నుంచీ తవ్వించుకుంటూ వచ్చాడట. రెండు కొసలూ మధ్యలో కలవలేదు. ప్రభుత్వం రూపాయి జరిమానా వేసింది. ఆ అవమానం భరించలేక ఆయన ప్రాణం తీసుకున్నాడు. తర్వాత హారింగ్టన్ అనే మరో ఇంజనీరు, భల్కు అనే స్థానికుడి సాయంతో వేరేచోట సొరంగం పూర్తి చేశాడు.

బరోగ్ స్టేషన్‌లో టీ తాగుతూ ఈ కథ విని మా ఆవిడ, "అటువాళ్లూ ఇటువాళ్లూ మధ్యలో ఒక్కసారి కేకేసుకుని ఉంటే సరిపోయేది కదా!" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత మా జీవితం ఢిల్లీ పద్ధతిలో పడింది. ఆమె ఉద్యోగం గుర్‌గావ్‌లో, నాది కనాట్ ప్లేస్ దగ్గర. ఆమె ఇల్లు చేరేసరికి నేను ఆఫీసులో వార్త రాస్తుంటాను. నేను చేరేసరికి ఆమె నిద్రపోయి ఉంటుంది. పలకరింపులన్నీ ఫ్రిజ్ తలుపు మీద చీటీల్లోనే. 'పాలు లేవు.' 'గ్యాస్ వస్తుంది, డబ్బులు డబ్బాలో ఉన్నాయి.' తగవులు లేవు. తగవు పడాలన్నా ఇద్దరూ ఒకచోట ఉండాలి కదా!

2023 ఆగస్టు 14న సిమ్లాలోని సమ్మర్ హిల్ దగ్గర కొండచరియ విరిగిపడింది. అక్కడి శివాలయం కొట్టుకుపోయి ఎందరో చనిపోయారు. కింద నేల జారిపోయి రైలు పట్టాలు గాలిలో తాడులా వేలాడుతున్న ఫొటో మర్నాడు పత్రికల్లో వచ్చింది. ఆ పూట ఫ్రిజ్ మీద చీటీకి బదులు ఆ ఫొటో కత్తిరించి అంటించి ఉంది. కింద పెన్సిల్‌తో 'మనం వెళ్లిన దారే' అని రాసింది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

అక్టోబరులో సిమ్లాకి రైళ్లు మళ్లీ నడిచాయి. మాకు మాత్రం ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకలేదు. చివరికి 2024 లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చి, కొత్త ప్రభుత్వం కొలువుదీరాక, జూలైలో పది రోజులు దొరికాయి. అప్పటికి నా బుర్రలో ఇంకో పురుగు దూరింది. కాల్కా-సిమ్లా మార్గాన్ని యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడాది స్విట్జర్లాండ్ నుంచి ఇటలీ దాకా వెళ్లే ఆల్బులా, బెర్నినా కొండ రైలు మార్గాలనూ చేర్చింది. ఆల్బులా మార్గం మొదలైంది కూడా 1903లోనే. అంటే మన సిమ్లా రైలుకు ఆల్ప్స్‌లో ఒక కవల ఉందన్నమాట. దాన్ని చూసొద్దామన్నాను. ఉన్న పొదుపంతా తీశాం.

రాజనీతి శాస్త్రంలో ఎంఏ చేసిన ప్రతివాడికీ స్విట్జర్లాండ్ అంటే మేనమామ ఊరులాంటిది. ప్రత్యక్ష ప్రజాస్వామ్యం, రిఫరెండం, ఏడుగురు సభ్యుల ఫెడరల్ కౌన్సిల్ అన్నీ నోటికి వచ్చు. అక్కడి రైళ్లు నిమిషం తప్పవని కూడా చదివాను. ఆ నమ్మకంతోనే జ్యూరిక్‌లో దిగాక లూసర్న్‌లో రైలు మారడానికి ఆరు నిమిషాలు చాలని టైంటేబుల్ వేశాను. లూసర్న్‌లో ఆమె కాఫీ అడిగింది. నేను లైనులో నిలబడ్డాను. కప్పులు పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి ఇంటర్లాకెన్ రైలు తలుపులు మా ముఖం మీదే మూసుకున్నాయి. గడియారం చూశాను. రైలు సరిగ్గా తన టైముకే కదిలింది.

"ఆరు నిమిషాలు పెట్టమని మీకెవరు చెప్పారు?"

"కాఫీ ఇప్పుడే తాగాలని నీకెవరు చెప్పారు?"

తర్వాతి రైలు గంటకు గానీ లేదు. ఆ గంటలో నాకొక సంగతి బోధపడింది. తిట్టడానికి అక్కడ ఎవరూ లేరు. మంచు లేదు, ట్రాఫిక్ లేదు, ఆలస్యం లేదు. మన దేశంలో మొగుడూ పెళ్లాల మధ్య ఎన్ని తగవులను కరెంటు కోతలూ, ఆలస్యమయ్యే రైళ్లూ తమ మీద వేసుకుని కాపాడుతున్నాయో అప్పుడు అర్థమయింది. అన్నీ సరిగ్గా నడిచే చోట తప్పు మన ఇద్దరిలో ఎవరిదో ఒకరిదే అవుతుంది. ఎనిమిదేళ్లుగా వాయిదా పడుతూ వచ్చిన తగవులన్నీ ఆ ప్లాట్‌ఫారం మీద ఒక్కటొక్కటే బయటికొచ్చాయి. ఆమెకు జ్వరం వచ్చిన రోజు నేను పార్లమెంటు సమావేశాల్లో ఉండటం, మా నాన్న ఆపరేషన్‌కి ఆమె ఒకరోజు ఆలస్యంగా రావడం, అన్నీ.

ఇంటర్లాకెన్‌లో లౌటర్‌బ్రునెన్ వెళ్లే రైలు ఎక్కేసరికి ఇద్దరికీ మాటల్లేవు. ఆమె సామానుతో ఒక పెట్టెలో కూర్చుంది. ఫొటోలు తీసుకుంటానని చెప్పి నేను ప్లాట్‌ఫారం వెంబడి నడిచి వేరే పెట్టె ఎక్కాను. ఫొటోలు వంక మాత్రమేనని ఇద్దరికీ తెలుసు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆఫీసు నుంచి వచ్చిన మెసేజీలు వింటూ, పంపాల్సిన జవాబులు పంపుతూ కూర్చున్నాను.

అసలు విషయం ఏమిటంటే ఆ రైలు స్వైల్యూచినెన్ దగ్గర రెండుగా విడిపోతుంది. ఒక సగం లౌటర్‌బ్రునెన్‌కి, రెండో సగం గ్రిండెల్‌వాల్డ్‌కి వెళ్తుంది. రెండూ వేరువేరు లోయలు. ఆ సంగతి రైలు మీద రాసి ఉంటుంది, లోపల ప్రకటిస్తారు కూడా. ఆఖరి స్టేషన్‌లో అందరితోపాటు దిగి, సూట్‌కేసులు దింపడానికి మా ఆవిడ ఉన్న పెట్టె కోసం వెతికితే ఆ పెట్టే లేదు. తలెత్తి చూస్తే బోర్డు మీద గ్రిండెల్‌వాల్డ్ అని ఉంది.

పాస్‌పోర్టులు, రైలు పాసులు, డబ్బు, హోటల్ కాయితాలు అన్నీ ఆమె సంచిలో ఉన్నాయి. నా దగ్గర ఉన్నదల్లా ఫోను. విదేశీ సిమ్ ఒక్కటి చాలని పొదుపు చేసింది నేనే కనుక, ఆమె ఫోను మోగదు. మా శాస్త్రం భాషలో చెప్పాలంటే సార్వభౌమాధికారం యావత్తూ పక్క లోయలోకి వెళ్లిపోయింది.

స్టేషన్‌లో ఒక ఉద్యోగినిని అడిగాను. నా అవస్థ ఆమెకు కొత్తగా అనిపించినట్టు లేదు. పదినిమిషాల్లో ఇదే రైలు వెనక్కి వెళ్తుంది, ఎక్కండి అంది. పాసు లేదంటే, కండక్టర్ వస్తే జరిగింది చెప్పమంది. తర్వాత ఒక మాట చెప్పింది. వెళ్లేటప్పుడు రెండు రైళ్లూ ఎక్కడ విడిపోతాయో, వచ్చేటప్పుడు అక్కడే కలుస్తాయి.

తిరుగు ప్రయాణం పాతిక నిమిషాలు. ఐగర్ పర్వతం అంత దగ్గర్లో ఉన్నా నేను దాన్ని చూసిన గుర్తు లేదు. ఆమె అక్కడే ఉండిపోతుందా? హోటల్‌కి వెళ్లిపోతుందా? తప్పిపోతే ఒకరు కదలకుండా నిలబడాలని మనకు చిన్నప్పుడు జాతర్లలో నేర్పుతారు. అది నేనా, ఆమెనా అన్నది మేం ఎప్పుడూ అనుకోలేదు. ఎనిమిదేళ్లలో అనుకోని విషయాలు ఇంకా ఎన్ని ఉన్నాయో అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

స్వైల్యూచినెన్‌లో దిగి నిలబడ్డాను. లౌటర్‌బ్రునెన్ నుంచి వచ్చే సగం మెల్లగా వచ్చి మా సగాన్ని తాకి కలిసింది. తలుపు దగ్గర రెండు సూట్‌కేసుల మధ్య మా ఆవిడ నిలబడి ఉంది.

"అక్కడే ఉండొచ్చుగా?" అన్నాను. నోటికి ముందు వచ్చిన మాట అది.

"ఒక రైలు వదిలేశాను, మీరొస్తారేమోనని. ఆ తర్వాత ఉండబుద్ధి కాలేదు."

ఇంటర్లాకెన్ తిరిగి వెళ్లి, మళ్లీ రైలెక్కి, ఈసారి ఒకే బెంచీ మీద కూర్చున్నాక చెప్పింది. "రైలు విడిపోతుందని నేను విన్నాను. మీరూ వినే ఉంటారు, వచ్చేస్తారు అనుకున్నాను. లేచి వచ్చి పిలవొచ్చు. కోపంగా ఉండి లేవలేదు." కాసేపాగి, "బరోగ్ గుర్తుందా?" అంది.

గుర్తుంది. నేను ఇయర్‌ఫోన్లు తీసి సంచిలో పడేశాను. సమాధానంగా నాకు ఇంకేమీ తోచలేదు.

రెండు రోజుల తర్వాత ఖూర్ నుంచి కవల రైలు ఎక్కాం. ఆల్బులా, బెర్నినా మార్గాలు రెండింటిలో కలిపి 55 సొరంగాలు, 196 వంతెనలు. ఖూర్‌లో జర్మన్ వినిపించింది, దారిలో స్టేషన్ల పేర్లు రోమాన్ష్‌లోకి మారాయి, చివరికి ఇటాలియన్‌లోకి దిగాయి. బెర్నినా దగ్గర ఆ రైలు 2,253 మీటర్ల ఎత్తుకు, పళ్లచక్రాల సాయం లేకుండా ఎక్కుతుంది. బ్రూసియో దగ్గర గుండ్రటి వంతెన మీద తన చుట్టూ తాను తిరిగి కిందికి దిగుతుంది. ఇద్దరం కిటికీకి అతుక్కుపోయాం. అయినా మా ఆవిడ తీర్పు సిమ్లా రైలుకే. అక్కడ ఆగిన చోటల్లా టీ ఉంటుందంది.

ఆపదలు అంతటితో ఆగలేదు. ఇటలీ సరిహద్దు ఊరు తిరానోలో మిలాన్‌కి కాయితం టికెట్లు కొన్నాం. అక్కడి ప్రాంతీయ రైళ్ల కాయితం టికెట్‌ను ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ఆ సంగతి మాకు తెలియదు. కండక్టర్ జరిమానా అన్నాడు. ఢిల్లీలో చలానా పుస్తకం కనిపిస్తే నా చెయ్యి దానంతటది ప్రెస్ కార్డు మీదికి పోతుంది. ఇక్కడా పోయింది. ఆయన కార్డు తీసుకుని ఫొటో వైపు, నా వైపు శ్రద్ధగా చూసి తిరిగిచ్చి, జరిమానా రసీదు రాశాడు.

నేను మా ఆవిడ వైపు చూశాను. లూసర్న్ పాట మళ్లీ మొదలవుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "ఎనిమిదేళ్ల క్రితం పాత ఢిల్లీలో కట్టాల్సిన జరిమానా, ఇప్పుడు కట్టారు" అంది.

మిలాన్ నుంచి విమానం దిగి, ఎయిర్‌పోర్ట్ మెట్రోలో న్యూఢిల్లీకి, అక్కడినుంచి రాజీవ్ చౌక్‌కి వచ్చి బ్లూ లైన్ ఎక్కాం. సాయంత్రం రద్దీ. ఆమె ఒక తలుపు దగ్గర, నేను ఇంకో తలుపు దగ్గర ఇరుక్కున్నాం. యమునా బ్యాంక్ వచ్చే ముందు ప్రకటన మొదలైంది. ఇద్దరం ఒకేసారి తలెత్తాం. జనం తలల మీదుగా ఆమె, "ఇది వైశాలి బండి, దిగండి!" అని తెలుగులో గట్టిగా కేకేసింది.

దిగాం. తర్వాతి నోయిడా రైలు ఆరు నిమిషాల్లో ఉంది.